కొండ మీద నుంచి ఇల్లు వెతుక్కోవడం

ఊరంతా కనపడే కొండ ఒకటి ఉంటే, దాని మీదికెక్కిన ఆ ఊరివాళ్ళు ముందుగా చేసే పని ఒకటే. సముద్రం సంగతి తర్వాత. సూర్యాస్తమయం సంగతి ఇంకా తర్వాత. ముందు తమ ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటారు. "అదిగో, ఆ నల్ల ట్యాంకు కనపడుతోందే, దాని పక్క డాబా, దానికి కాస్త ఇవతల..." అంటూ వేలు చాపి పక్కవాళ్ళకి చూపించేదాకా వాళ్ళకి మనసు నిలవదు. ఇల్లు దొరికిందంటే ఒక చిన్న సంతృప్తి. అప్పుడు గాని అటు తిరిగి సముద్రాన్ని చూడరు. 2025 సంక్రాంతి వెళ్ళిన వారం విశాఖపట్నంలో కైలాసగిరి మీద రెండు గంటలు కూచుని నేను గమనించిన సంగతి ఇది. మరి ఆ ఊళ్ళో ఇల్లు లేనివాడు కొండెక్కి ఏం వెతుక్కోవాలి? ఈ నాలుగు మాటలూ దాని గురించే.

మాది బరంపురం. రైలు టిక్కెట్టు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది గాని మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాదు. పట్టుచీరలకీ, అప్పడాలకీ, పచ్చళ్ళకీ పేరున్న ఊరు. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరిగారు పుట్టిన ఊరు. అక్కడే బి.కాం. చదివి, 1992లో బ్యాంకులో చేరి, ఆ చుట్టుపక్కల శాఖల్లోనే ఎక్కువ కాలం నెట్టుకొచ్చాను. ఇంకో మూడేళ్ళలో రిటైరవుతాను. మాకు ఒక్కతే అమ్మాయి. విశాఖలోనే ఇంజనీరింగు చదివింది, అక్కడే ఉద్యోగం, అల్లుడూ అక్కడే. ఆరేళ్ళ మనవరాలు. రెండేళ్ళుగా ఫోను తీసినప్పుడల్లా అమ్మాయిది ఒకటే పాట. "నాన్నా, రిటైరయ్యాక అక్కడ మీకెవరున్నారు? ఇక్కడ ఒక ఫ్లాటు తీసుకోండి. ఎలాగూ మన ఊరే కదా!"

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోతుంటాను. మన ఊరు ఎలా అయింది? మేం ఎవరం అక్కడ పుట్టలేదు. మాకక్కడ సెంటు భూమి లేదు. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడతారు, మేమూ తెలుగువాళ్ళం, అంతే లెక్క. హోసూరులోనో, బళ్ళారిలోనో, షోలాపూరులోనో, యానాంలోనో తరాలుగా ఉంటున్న పాఠకులకి ఈ లెక్క తెలియనిది కాదు. "మీ ఊరు ఏది?" అని ఎవరైనా అడిగితే మనం ఉన్న ఊరు చెబుతాం. "అది సరే, అసలు ఊరు?" అని రెండో ప్రశ్న వస్తుంది. ఆ రెండో ప్రశ్నకి మనలో చాలామంది దగ్గర సిద్ధంగా జవాబుండదు.

బ్యాంకువాడికి ఏప్రిల్ ఒకటో తారీఖు అంటే కొత్త పద్దు. ముందురోజు రాత్రి ముగింపు నిల్వ కట్టి, పొద్దున్న అదే అంకెని ప్రారంభపు నిల్వగా వేసుకుంటాం. అంకె మారదు, పేజీ మారుతుంది. మా ఇంటి చరిత్రలో కూడా సరిగ్గా ఆ తారీఖే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతదాకా మద్రాసు రాజధానిలో ఉన్న బరంపురం ఆ పొద్దుటికి ఒరిస్సా పద్దులోకి వెళ్ళింది. మా తాతకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. "రాత్రి మద్రాసులో పడుకున్నాను, తెల్లారి ఒరిస్సాలో లేచాను, మంచం మాత్రం కదల్లేదురా" అని నవ్వుతూ చెప్పేవాడు. కొన్ని ఇళ్ళవాళ్ళు సామాను సర్దుకుని ఇచ్ఛాపురం అవతలికి వెళ్ళిపోయారట. తాత వెళ్ళలేదు. కారణం అడిగితే పెద్ద మాటలేమీ చెప్పేవాడు కాదు. "అప్పులిచ్చిన వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, ఎలా వెళ్ళడం?" అనేవాడు.

ఆ ఏడాదే వెళ్ళిపోయిన పెద్దమనిషి ఒకరున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం ఆయన పోరాడిన సంవత్సరాల్లో ఎక్కువ భాగం ఉన్న ఊరు పర్లాకిమిడి. అక్కడే పాఠాలు చెప్పారు, అక్కడే సవరల భాష నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాశారు. ఆ ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు, డెబ్బై దాటిన వయసులో, ఆయన దాన్ని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఇవాళ ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ పోరాటం చాలావరకు నడిచిన ఊరు మాత్రం నేటి గీతకి ఇవతల, మా వైపే ఉంది. వెళ్ళిన పంతులుగారిదీ న్యాయమే, ఉండిపోయిన మా తాతదీ న్యాయమే అని నేననుకుంటాను. తొంభై ఏళ్ళకి అదే ప్రశ్న ఫ్లాటు రూపంలో నా ముందుకొచ్చింది.

సరే, చూద్దాం అని బయల్దేరాం, నేనూ మా ఆవిడా. బరంపురం నుంచి విశాఖకి రైల్లో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అరగంట గడవకుండానే ఇచ్ఛాపురం వస్తుంది. ఇక అక్కడినుంచి దుకాణాల మీదా, గోడల మీదా తెలుగు అక్షరాలే. మా ఆవిడ ప్రతిసారీ ఇక్కడ కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి కనపడే బోర్డులన్నీ పైకి చదువుతుంది. ఎరువుల దుకాణం, పళ్ళ డాక్టరు, పెళ్ళి పిలుపు, ఏదైనా సరే. ఆమెదీ నాదీ ఒకే తెలుగు బడి. ఐదో తరగతి దాకా అక్కడే చదువుకున్నాం. ఆ చదువుతో చేసే పని ఇప్పుడు ఇదొక్కటే మిగిలిందని ఆమె వేళాకోళం. పలాసలో జీడిపప్పు పొట్లం కొనడం కూడా ఆ ప్రయాణంలో ఒక ఆచారం.

మర్నాడు సాయంత్రం అమ్మాయి మమ్మల్ని కైలాసగిరి తీసికెళ్ళింది. కింద సముద్రం ఒడ్డు నుంచి రోప్‌వే ఉంది. కార్లు వెళ్ళే ఘాటు రోడ్డు ఉంది. ఓపికున్నవాళ్ళకి మెట్లూ ఉన్నాయి. మా ఆవిడ మోకాళ్ళ పుణ్యమా అని రోప్‌వే ఎక్కాం. పైన తెల్లటి శివపార్వతుల విగ్రహాలు నలభై అడుగులవి. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఒకటి. ఆ రైల్లో ఒక పక్క కూచుంటే సముద్రం, రెండో పక్క కూచుంటే ఊరు.

దృశ్యం గురించి చెప్పకుండా ఉండలేను. దక్షిణం వైపు నిలబడితే కింద నుంచి మొదలైన ఇసుక గీత కొడవలి వంపు తిరిగి, బీచి రోడ్డు వెంబడి రామకృష్ణా బీచి మీదుగా వెళ్ళి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఆగుతుంది. ఓడరేవుకి ఆ కొండే అడ్డుగోడ. 1933లో రేవు తెరిచిననాటి నుంచీ గాలివానల వేళ ఓడలకి అదే కాపు. పడమటి వైపు ఊరు, ఊరి వెనక సింహాచలం కొండల వరస. ఉత్తరం వైపు రుషికొండ, ఆ పైన భీమిలి వైపు సాగిపోయే తీరం. ఆ తీరం ఎక్కడ అయిపోయిందో చెప్పలేం. పొగమంచులోకి వెళ్ళి కనపడకుండా పోతుంది. సూర్యుడు దిగుతుంటే సముద్రం ముందు నీలం, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత ఒక్కొక్క చేపల పడవ దీపంగా మారింది.

ఆ కాసేపట్లో నా చెవిన పడ్డ భాషలు ఎన్నో. బెంగాలీ కుటుంబాలు, హిందీవాళ్ళు, రాయగడ నుంచి బస్సు కట్టుకొచ్చిన ఒరియా వాళ్ళు, హైదరాబాదు కుర్రకారు. మేం రైలింగు దగ్గర నిలబడి ఉంటే ఫొటోలు తీసే కుర్రాడొకడు వచ్చాడు. మంచివాడే. "సార్, మేడమ్‌తో ఒకటి తీయనా?" అన్నాడు. నేను ధర అడిగాను, మా ఆవిడ తగ్గించమంది. రెండు మాటలు అటూ ఇటూ అయ్యాక వాడు నవ్వి, "ఒడిశా వాళ్ళాండీ మీరు? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అన్నాడు.

మెచ్చుకోలే అది. వాడి ముఖంలో కల్మషం ఏమీ లేదు. కానీ మా ఆవిడ ముఖం చిన్నబోయింది. బరంపురంలో మా వీధిలో పక్కింటి వాళ్ళు నన్ను ఆప్యాయంగా "భాయినా" అని పిలుస్తారు. పిలుస్తూనే మూడోవాళ్ళకి "తెలుగు బాబు" అని పరిచయం చేస్తారు. అక్కడ తెలుగువాళ్ళం. ఇక్కడికొస్తే ఒరియా వాళ్ళం. "ఏం నాయనా, బాగానే ఏమిటి, పుట్టినప్పటి నుంచీ అదే మాట్లాడుతున్నాం" అంది మా ఆవిడ. వాడు తడబడ్డాడు. నేను ఫొటో తీయించుకున్నాను. బాగానే వచ్చింది.

అంతలో మనవరాలు నా చెయ్యి పట్టి లాగింది. తన ఇల్లు దొరికిందట. కింద ఆకుపచ్చ రంగు వేసిన అపార్టుమెంటు, మూడో అంతస్తు, ఎర్ర దుప్పటి ఆరేసిన బాల్కనీ. నిజంగానే కనపడుతోంది. "మా ఇల్లు చూశావుగా తాతా. మరి నీ ఇల్లేది?" అంది. నేను ఉత్తరం వైపు, ఆ పొగమంచు వైపు చెయ్యి చూపించాను. అది కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "ఏం కనపడట్లేదు" అని తేల్చేసింది. అమ్మాయి వెంటనే అందుకుని, "అందుకేగా నాన్నా, ఇక్కడ ఒకటి కొనమంటున్నది" అంది. అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక మా ఆవిడ మాత్రం ఆ ఎర్ర దుప్పటి వైపే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఫ్లాట్లు చూడ్డానికి వెళ్ళాం. ఇన్నేళ్ళు గృహ రుణాలిచ్చినవాణ్ణి, నాకు ఈ లోకం కొత్త కాదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను మంజూరు, భూమిలో మన వాటా ఎంత, ఇవన్నీ అడిగాను. బిల్డరు మనిషి ఓపిగ్గా చెప్పాడు. చెప్పి చెప్పి చివరికి సముద్రం దగ్గరికి వచ్చాడు. అంతస్తు పెరిగినకొద్దీ చదరపు అడుగుకి ఇంత అదనం. సముద్రం కనపడే వైపైతే మరింత అదనం. వంటింటి కిటికీలోంచి ఓ ముక్క కనపడినా దానికీ లెక్క ఉంది. ముందురోజు సాయంత్రం కొండ మీద రోప్‌వే టిక్కెట్టు ధరకి అందరితో పాటు చూసిన సముద్రాన్నే ఈయన అడుగుల్లో కొలిచి అమ్ముతున్నాడు. తప్పేముంది, వ్యాపారం. కాని ఆ బాల్కనీలో నిలబడి నేను సముద్రం కంటే ముందు గ్రిల్లు చూశాను. రెండేళ్ళ కిందట వేసిన ఇనుము అప్పుడే పొరలు పొరలుగా తుప్పు రాలుతోంది. ఉప్పుగాలి వైపు ఇల్లు కట్టుకుంటే ఏటా రంగు వేయాల్సిందే. ఈ ఖర్చు ధరల పట్టికలో ఎక్కడా ఉండదు.

సముద్రం ఇంకో లెక్క కూడా చెబుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నేనప్పుడు గంజాం జిల్లాలో ఒక శాఖలో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరుకి డీజిలు కోసం తిరిగాం. డబ్బుకోసం వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పడమే ఆ వారమంతా నా ఉద్యోగం. మరుసటి ఏడు, సరిగ్గా అదే అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. అమ్మాయి అప్పుడు అక్కడ హాస్టల్లో ఉంది. మూడు రోజులు ఫోను కలవలేదు. ఆ మూడు రోజులూ మా ఆవిడ అన్నం ముట్టలేదు. నాలుగో రోజున ఫోను కలిస్తే అది మొదట అన్న మాట, "నాన్నా, మీ ఫైలినే దారి తప్పి మా దగ్గరికొచ్చింది" అని. ఆ గాలికి కైలాసగిరి మీద చెట్లు ఎన్నో కూలిపోయాయి. ఇప్పుడు మళ్ళీ పచ్చబడింది. తుఫానుకి గీతలు తెలియవు. మన బంగాళాఖాతం ఒక్కటే. అటు ఉన్నా ఇటు ఉన్నా అక్టోబరు వస్తే రేడియో వినాల్సిందే.

ఫ్లాటు చూసి తిరిగొస్తూ అమ్మాయి వాళ్ళ వీధి మొదట్లో మా ఆవిడ ఆకుకూరల తట్ట దగ్గర ఆగింది. తోటకూర కట్ట ఎంతని అడిగింది. అమ్ముతున్న ముసలమ్మ తలెత్తి, "మీది బరంపురం పక్కా తల్లీ?" అంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఎలా తెలిసింది?" అంటే, "మాట ఇంటే తెల్దేటి! మాది సోంపేట. మా సిన్నమ్మని మీ ఊరే ఇచ్చినారు" అంది. ఇక అక్కడ అరగంట. వీధులు, చుట్టరికాలు, రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర, అన్నీ దొర్లాయి. ఆ యాత్రలో మా ఊరి తెలుగు నేతవాళ్ళది ఎంత పెద్ద పాత్రో ఆమెకే బాగా తెలుసు. చిన్నప్పుడు వచ్చి చూసిందట. చివరికి తోటకూరకి డబ్బు తీసుకుంది గాని ఓ కొత్తిమీర కట్ట ఊరికే పెట్టింది. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా ఆ కట్టని చేత్తోనే పట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. కొండ మీద మమ్మల్ని ఒడిశా వాళ్ళన్నారు. నేల మీద మా యాసని బట్టి ఊరి పేరుతో సహా పోల్చుకున్నారు. నాకేమనిపించిందంటే, తెలుగునేలకి బయట ఉన్న మనం దాన్ని ఎప్పుడూ కొండ మీద నుంచే చూస్తుంటాం. దూరం నుంచి చూస్తాం కాబట్టి మనకి మొత్తం కనపడుతుంది. లోపల ఉన్నవాళ్ళు మాది గోదావరి, మాది సీమ, మాది తెలంగాణ అనుకుంటారు. 2014 నుంచి అది రెండు రాష్ట్రాలు కూడా. మనకి మాత్రం అదంతా కలిపి తెలుగే. ఒక యాసని ఎక్కువా ఇంకోదాన్ని తక్కువా చేయడం మనకి చేతకాదు. ఇది మన భాగ్యం. కాని కొండ మీద నుంచి ఎర్ర దుప్పటి కనపడుతుంది గాని దాన్ని ఆరేసిన మనిషి కనపడదు. తుప్పు కనపడదు, తోటకూర ధర కనపడదు. దూరం నుంచి పెంచుకున్న ప్రేమ నిజమే, అయినా దాని మీద ఇల్లు కట్టుకోవాలంటే ముందు కిందికి దిగి వీధిలో నాలుగు రోజులు నడవాలి.

పొద్దున్నే ఈ మాటలన్నీ మా ఆవిడతో అన్నాను. ఆమె ఓపిగ్గా విని, "మీ తాతగారికి అప్పులవాళ్ళు అక్కడున్నారు, నాకు మోకాళ్ళ డాక్టరూ, పిల్లా ఇక్కడున్నారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. బరంపురం నుంచి పెద్ద వైద్యానికి విశాఖ పరిగెత్తడం మాకు కొత్తేమీ కాదు. ఆమె మాట తీసేయడానికి వీల్లేదు. అలాగని, పదేళ్ళుగా నా బల్ల ముందుకొచ్చి తెలుగు ఉత్తరం చదివి పెట్టమనే ముసలివాళ్ళని వదిలేయడానికీ మనసొప్పదు. వాళ్ళ మనవలకి తెలుగు చదవడం రాదు. మా అమ్మాయికే కూడబలుక్కుంటే గాని రాదు.

ఇద్దరం కూచుని లెక్క వేసుకున్నాం. సముద్రం కనపడే ఫ్లాటు కొనడం లేదు. బరంపురం ఇల్లు అమ్మడం లేదు. నేను రిటైరయ్యాక అమ్మాయి వీధిలోనే, ఆ తోటకూర తట్టకి నాలుగిళ్ళ అవతల, కింది వాటా ఒకటి అద్దెకి తీసుకుంటాం. సంక్రాంతికి వచ్చి ఉగాది దాకా ఉంటాం. అక్టోబరు నెల ఎక్కడ ఉండాలన్నది తుఫానుని బట్టి. మనవరాలికి సాయంత్రాలు అక్షరాలు దిద్దించే పని నాది. దాని బడిలో తెలుగు ఉందట గాని, ఇంట్లో బోర్డులు పైకి చదివే మనిషి ఒకరుంటే వేరు కదా. అమ్మాయికి ఈ ఏర్పాటు పూర్తిగా నచ్చలేదు. "సగం సగం ఏమిటి నాన్నా?" అంది. మా బతుకే అంతమ్మా అన్నాను.

రిటైరయ్యే ముందు బ్యాంకు ఒక కాగితం ఇస్తుంది, పెన్షను ఏ శాఖ నుంచి తీసుకుంటారు అని. అందులో రాయాల్సిన పేరు నాకు తెలుసు. బరంపురమే. అదే కాగితంలో ఇంకో గడి ఉంటుంది, ప్రస్తుత చిరునామా అని. అది మాత్రం పెన్సిలుతో రాయమంటోంది మా ఆవిడ.